ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు పడుకోవాలి? వ్యాయామంతో ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ పెరిగి గాయం మానదనేది నిజమేనా?

గర్భసంచిలో గడ్డలకు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మహిళ చేతిలో ఒక డిశ్చార్జ్ కాగితం ఉంటుంది. అందులో మందుల పేర్లు, కుట్లు చూపించుకోవడానికి రావాల్సిన తేదీ, చివర్లో ‘విశ్రాంతి తీసుకోవాలి’ అనే ఒక్క ముక్క రాసి ఉంటాయి.

ఎన్ని రోజులు విశ్రాంతి తీసుకోవాలి? మంచం మీదే ఉండాలా, ఇంట్లో తిరగొచ్చా? నీళ్ల బిందె ఎత్తొచ్చా? పొలానికో, షాపుకో, ఆఫీసుకో ఎప్పటి నుంచి వెళ్లొచ్చు? ఇవేవీ చాలా కాగితాల్లో ఉండవు. ఆ ఖాళీని ఇంట్లో పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు, ఇప్పుడైతే యూట్యూబ్ వీడియోలు నింపుతున్నాయి. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దని ఒకరంటారు. వ్యాయామం చేస్తే ఒంట్లో ‘ఫ్రీ రాడికల్స్’ పెరిగిపోతాయని, అవి పెరిగితే గాయం మానదని, అందుకే ఫలానా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడాలని ఇంకొకరు చెబుతారు.

మొదటి మాట పాత అలవాటు. రెండోది సైన్స్ పేరు పెట్టుకున్న సగం నిజం. రెండూ ఆపరేషన్ అయిన మనిషికి మేలు చేయవు.

కాగితంలోని ఆ ఖాళీకి ఖరీదు ఎంతో లెక్క తేల్చిన అధ్యయనం ఒకటి ఉంది. నెదర్లాండ్స్‌లో గర్భసంచి, అండాశయాల ఆపరేషన్లు చేయించుకున్న 215 మంది ఉద్యోగినులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మామూలు సలహాలే ఇచ్చారు. రెండో గుంపుకు ఏ రోజు నుంచి ఏ పని చేయొచ్చో ఒక్కొక్కటిగా చెప్పే ఆన్‌లైన్ ప్రణాళిక ఇచ్చారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం మొదటి గుంపులో సగం మంది పనికి వెళ్లడానికి 48 రోజులు పట్టింది. రెండో గుంపుకు 39 రోజులే. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. ఏం చేయొచ్చో స్పష్టంగా చెప్పినందుకు వచ్చిన తేడా అది. నెల జీతం ఉన్నవారికే 9 రోజులు చిన్న విషయం కాదు. రోజు కూలీపై బతికే ఇంటికి అది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

మీకు జరిగింది ఏ ఆపరేషన్?

కోలుకునే కాలం దీన్ని బట్టే ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, ‘గడ్డల ఆపరేషన్’ అని తప్ప ఏం తీశారో తెలియకుండానే చాలామంది ఇంటికి వచ్చేస్తుంటారు.

ఫైబ్రాయిడ్లు అంటే గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. చాలా సాధారణం కూడా. అమెరికాలో స్కానింగ్‌లతో చేసి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 50 ఏళ్లు వచ్చేసరికి నల్లజాతి మహిళల్లో 80 శాతానికి పైగా, తెల్లజాతి మహిళల్లో 70 శాతానికి దగ్గరగా ఇవి కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం ఏ ఇబ్బందీ పెట్టవు. అధిక రక్తస్రావం, నొప్పి, మూత్రాశయంపై ఒత్తిడి, గర్భం నిలవకపోవడం వంటి సమస్యలు ఉన్నప్పుడే చికిత్స గురించి ఆలోచిస్తారు.

గడ్డలను మాత్రమే తీసి గర్భసంచిని ఉంచితే మయోమెక్టమీ అంటారు. గర్భసంచినే తీసేస్తే హిస్టరెక్టమీ. గడ్డ గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకుని ఉంటే యోని మార్గంలోనే కెమెరా గొట్టం పంపి కోసేస్తారు. దీనికి పైన కుట్లే ఉండవు, కొన్ని రోజుల్లో మామూలైపోతారు. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ అయితే సాధారణంగా 2 నుంచి 4 వారాలు, పొట్ట కోసి చేస్తే 6 వారాలు, కొందరికి 8 వారాలు పడుతుంది. పక్కింటావిడ పది రోజుల్లో పనిలోకి వెళ్లిందని మీరూ వెళ్లడం, ఆవిడ రెండు నెలలు పడుకుందని మీరూ పడుకోవడం, రెండూ సరికాదు. ఆవిడ ఆపరేషన్ వేరు కావొచ్చు.

గడ్డకు రక్తం అందించే నాళాలను మూసేసే ఎంబోలైజేషన్ అనే పద్ధతి కూడా ఉంది. బ్రిటన్‌లో 254 మందిపై చేసిన పరీక్షలో, రెండేళ్ల తర్వాత జీవన నాణ్యత మయోమెక్టమీ చేయించుకున్న వారిలోనే కొంత మెరుగ్గా కనిపించింది. ఈ ఫలితాలు 2020లో వచ్చాయి.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు’ అనే మాట వైద్య కారణం కాదు. అండాశయాలు కూడా తీస్తే ఎముకలు, గుండెపై ప్రభావం ఉంటుంది. వాటిని ఉంచినా మెనోపాజ్ కాస్త ముందే రావొచ్చు. కాబట్టి ఆపరేషన్‌కు ఇంకా ఒప్పుకోనివారు గడ్డ ఎక్కడుంది, ఎంత ఉంది, మందులతో చూడొచ్చా, గడ్డనే తీయొచ్చా అని అడగాలి. వీలైతే రెండో డాక్టర్‌కూ చూపించాలి.

కదలకుండా పడుకుంటే త్వరగా మానుతుందా?

మానదు. పైగా నష్టం. మంచానికే పరిమితమైతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాంతకం. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది. పేగుల కదలిక మందగించి పొట్ట ఉబ్బుతుంది. కండ రోజురోజుకూ కరుగుతుంది.

1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ అలవాటునే ప్రశ్నించారు. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి ఉపవాసం, మంచం, గొట్టాలు ఎందుకని అడిగి, నొప్పిని బాగా తగ్గించి త్వరగా తినిపించి, త్వరగా నడిపించే పద్ధతిని ముందుకు తెచ్చారు. మొదట పేగుల ఆపరేషన్లలో వాడిన ఈ పద్ధతే ఇప్పుడు గర్భసంచి ఆపరేషన్లలోనూ ప్రామాణికం. అందుకే మత్తు దిగిన కొన్ని గంటలకే, లేదంటే మర్నాడు పొద్దున్నే, నర్సు వచ్చి లేచి కూర్చోమంటుంది. అది ఆమె కఠినత్వం కాదు, చికిత్సలో భాగం.

ఇంటికి వచ్చాక మొదటి వారం ఐదేసి నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు ఇంట్లోనో, వరండాలోనో నడవండి. రెండో వారం నుంచి ఒక్కో నడకకు రోజూ రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోవచ్చు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ అయినా, అంతా సవ్యంగా ఉంటే ఆరో వారానికి అరగంట నడక చాలామందికి సాధ్యమే. ఎంత వేగంగా నడవాలన్నదానికి సులువైన కొలత ఉంది. నడుస్తూ పక్కనున్నవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. సాయంత్రానికి నొప్పి గానీ రక్తస్రావం గానీ పెరిగితే మర్నాడు నిన్నటి మోతాదుకు తగ్గించుకోండి. మళ్లీ మంచం ఎక్కాల్సిన పని లేదు.

పరుగు, జిమ్, బరువులతో వ్యాయామం, పొట్ట కండరాలు బిగించే ఆసనాలు మాత్రం డాక్టర్ ఆరో వారం పరీక్ష చేసి సరే అన్నాకే. గర్భసంచి తీసినవారికి యోని పైభాగంలో లోపల కుట్లు ఉంటాయి. బయటి గాయం మానినా అవి ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. అందుకే లైంగిక సంబంధానికీ కనీసం 6 వారాలు ఆగమంటారు. ఈ మాట అడగడానికి మొహమాటపడి ఇబ్బందుల్లో పడేవారున్నారు.

బిందె ఎత్తొచ్చా?

ఇంటి పనుల గురించే అసలు గందరగోళం. పొట్టలో ఒత్తిడి పెరిగితే కుట్లు లాగుతాయన్నది బరువులు ఎత్తొద్దని చెప్పడానికి కారణం. అమెరికాలో 30 మంది మహిళలకు రకరకాల పనులు చెప్పి, పొట్టలో ఒత్తిడిని కొలిచి 2006లో ఫలితాలు ప్రచురించారు. డాక్టర్లు వద్దనే కొన్ని చిన్న బరువులు ఎత్తినప్పటి ఒత్తిడి, కుర్చీలోంచి లేచినప్పటి ఒత్తిడి కంటే ఎక్కువేమీ కాదని తేలింది. దగ్గినప్పుడు మాత్రం ఒత్తిడి బాగా పెరిగింది.

అంటే వంటింట్లో గిన్నె తీసినంత మాత్రాన కుట్లు తెగవు. అలాగని నిండు బిందె, తడిబట్టల బకెట్, బియ్యం బస్తా ఎత్తమని కాదు. నిండు గ్యాస్ సిలిండర్ బరువు 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. సాధారణంగా చెప్పే హద్దు మొదటి 6 వారాలు నాలుగైదు కిలోలు. సగం చెంబులు, సగం బకెట్లు మీ కొలత. చంటిపిల్లను నిలబడి ఎత్తుకునే బదులు కూర్చున్నాక ఒళ్లోకి ఎక్కించుకోండి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు పొట్టకు చిన్న దిండు అదిమిపట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. మలబద్ధకంతో ముక్కడం బిందె కంటే ప్రమాదం. నీళ్లు, పీచు పదార్థాలు, అవసరమైతే డాక్టర్ రాసే విరేచనం మందు తీసుకోవడానికి వెనకాడొద్దు. మంచం మీద నుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేత్తో ఊతం తీసుకుని లేవాలి.

మరి ఫ్రీ రాడికల్స్ సంగతేంటి?

కోసిన వంకాయ ముక్కలు గాలికి నల్లబడతాయని ఉప్పు నీళ్లలో వేస్తాం. అది ఆక్సిజన్ చేసే పని. మన ఒంట్లోనూ ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిని తయారుచేసేటప్పుడు చురుకైన అణువులు కొన్ని పుడతాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అని పిలుస్తున్నాం. వాటిని అదుపు చేసే ఎంజైములు కణాల్లోనే ఉంటాయి. పుట్టేవి ఎక్కువై, అదుపు చేసేవి చాలకపోతే ఆ స్థితిని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు.

వ్యాయామంతో ఇది పెరుగుతుందన్నది అబద్ధం కాదు. సైకిల్ తొక్కినవారి ఊపిరిలో, కొవ్వులు ఆక్సిడేషన్‌కు గురైనప్పుడు పుట్టే పెంటేన్ వాయువు పెరుగుతుందని 1978లోనే గుర్తించారు. అలసి సొలసి పడిపోయేదాకా పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో ఫ్రీ రాడికల్స్ పెరగడాన్ని 1982లో నేరుగా కొలిచారు. ఆపరేషన్ కూడా ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను పెంచుతుంది. కణజాలం కోయడం, రక్తప్రవాహాన్ని కాసేపు ఆపి మళ్లీ వదలడం, ఆ తర్వాత వచ్చే వాపు అన్నీ అందుకు కారణాలే. మాత్రలు అమ్మేవారు ఈ రెండు వాక్యాలను కలిపి, ‘అందుకే మీరు కదలకూడదు, మా మాత్ర వేసుకోవాలి’ అని మూడో వాక్యం చేరుస్తారు. కథ చెడేది అక్కడే.

ఒంట్లో కణం వంకాయ ముక్కలా ఊరికే ఉండదు. ఫ్రీ రాడికల్స్ పెరిగిన సంకేతం అందగానే తన రక్షణ ఎంజైములను పెంచుకుంటుంది, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను పెంచుకుంటుంది. అలవాటైన వ్యాయామం చేసేవారిలో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను తట్టుకునే శక్తి ఎక్కువగా ఉండేది ఇందుకే. ఆ సంకేతాన్ని మాత్రలతో నొక్కేస్తే ఏమవుతుందో జర్మనీ పరిశోధకులు 2009లో చూపించారు. నాలుగు వారాల పాటు వ్యాయామం చేసిన యువకుల్లో కొందరికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోని వారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. వేసుకున్న వారిలో ఆ మేలు కనిపించలేదు. 2014లో నార్వేలో 54 మందిపై 11 వారాల పాటు చేసిన అధ్యయనంలోనూ ఈ విటమిన్లు కండరాల్లో రావాల్సిన మార్పులను కొంత అడ్డుకున్నాయి.

ఇవి ఆరోగ్యవంతులపై చేసినవి, ఆపరేషన్ అయిన మహిళలపై కాదు. కాబట్టి మీ కుట్ల గురించి అవి నేరుగా ఏమీ చెప్పవు. కానీ ‘వ్యాయామం చేస్తే యాంటీ ఆక్సిడెంట్ మాత్ర తప్పనిసరి’ అన్న ప్రచారాన్ని మాత్రం అవి పూర్తిగా బలహీనపరుస్తాయి. ఎలుకలను సొలసి పడేదాకా పరుగెత్తించడం వేరు, మీరు వరండాలో పది నిమిషాలు నడవడం వేరు.

జామకాయ, ఉసిరి, నిమ్మ, ఆకుకూరల్లో దొరికే విటమిన్లతో ఈ పేచీ లేదు. సమస్యంతా పెద్ద మోతాదు మాత్రలతోనే. విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించగలదు. ఆపరేషన్‌కు ముందు మీరు వాడే విటమిన్లు, మూలికా మందులు అన్నీ డాక్టర్‌కు చెప్పాలి. ‘అవి మందులు కావుగా’ అని దాచేవారే ఎక్కువ.

గ్రీన్ టీ సారం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది గడ్డలను కరిగిస్తుందన్న ప్రచారానికి మూలం 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. నాలుగు నెలలు రోజుకు 800 మిల్లీగ్రాముల గ్రీన్ టీ సారం తీసుకున్నవారిలో గడ్డల పరిమాణం దాదాపు మూడోవంతు తగ్గింది. ఆసక్తికరమే గానీ, చివరిదాకా ఉన్నవారు 33 మందే. పైగా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ ఈజీసీజీ ఉన్న సప్లిమెంట్లు కాలేయానికి హాని చేయొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పు గ్రీన్ టీ తాగడం వేరు, ఆన్‌లైన్‌లో కొన్న గుళికలు మింగడం వేరు.

నీరసం కుట్ల వల్ల కాకపోవచ్చు

ఆపరేషన్ అయి నెల దాటినా మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ‘ఆపరేషన్ చేసిన ఒళ్లు కదా’ అని సరిపెట్టుకుంటారు. ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఫైబ్రాయిడ్లతో ఏళ్ల తరబడి రక్తం పోయినవారు ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికే రక్తహీనతలో ఉంటారు, అక్కడ ఇంకొంత పోతుంది. గర్భిణులు కాని మహిళల్లో 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే.

ఐరన్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చినా, నిల్వలు నిండడానికి డాక్టర్ చెప్పిన గడువు వరకు, సాధారణంగా మరో మూడు నెలలు వాడాలి. టీ, కాఫీలకు గంట ఎడం ఉండాలి. మలం నల్లగా రావడం మామూలే. మాత్ర పడకపోతే మానేయకుండా చెప్పండి. రోజు విడిచి రోజు వేసుకోవడం, సెలైన్‌లో ఐరన్ ఎక్కించడం వంటి దారులున్నాయి.

పథ్యం దగ్గరా ఇదే తంటా. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ వద్దని, నీళ్లు తక్కువ తాగాలని చెప్పడం మన ఇళ్లన్నింటిలో ఉన్నదే, మా ఇంట్లోనూ ఉంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. శాకాహారికి పప్పు మాన్పించి చారన్నం పెడితే ఆ మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది అలవాటుంటే అది తినొచ్చు.

ఆరోవారం దాకా ఆగకూడనివి

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం, గాయం ఎర్రబడి చీము కారడం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, దుర్వాసనతో ద్రవం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం ఉంటే అదే రోజు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్లాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇది రక్తం గడ్డకట్టడం కావొచ్చు, గంటలు కూడా ముఖ్యమే.

సెలవు, డబ్బు, కాగితాలు

ప్రసూతి ప్రయోజనాల నిబంధనల కింద ఫైబ్రాయిడ్ ఆపరేషన్‌కు సెలవు రాదు, అనారోగ్య సెలవే వాడుకోవాలి. ఈఎస్ఐ ఉన్నవారికి చందా నిబంధనలు సరిపోతే, ఈఎస్ఐ డాక్టర్ ధ్రువీకరణపై ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అందుతుంది. గార్మెంట్స్, ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవారిలో చాలామంది దీన్ని వాడుకోకుండానే కుట్లతో పనిలోకి వెళ్లిపోతున్నారు.

ఆయుష్మాన్ భారత్ కింద చేరినవారికి డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల వరకు మందులు, పరీక్షలు ప్యాకేజీలో భాగమే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించుకుంటే, మందులు, తిరిగి చూపించుకోవడం ఎన్నాళ్లు ఉచితమో డిశ్చార్జ్‌కు ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి.

డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకోండి. ఏం తీశారు, అండాశయాలు ఉన్నాయా? ఎంత బరువు, ఏ వారం నుంచి? పనిలోకి ఎప్పుడు? గడ్డలు మాత్రమే తీసి ఉంటే, గర్భానికి ఎన్ని నెలలు ఆగాలి, కాన్పుకు సిజేరియన్ తప్పదా? చివరి ప్రశ్నకు జవాబు గర్భసంచి గోడను ఎంత లోతుగా కోశారన్నదాన్ని బట్టి ఉంటుంది. కోసిన డాక్టర్ తప్ప ఇంకెవరూ కచ్చితంగా చెప్పలేరు. అందుకే ఆ జవాబు డిశ్చార్జ్ కాగితం మీదే రాసి ఉండాలి.

తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపుతారు. ఆ బయాప్సీ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆలోగా మీరు ఇంటికి వెళ్లిపోతారు. దాన్ని తీసుకోకుండా వదిలేసేవారు చాలామంది. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజే రిపోర్టు, ఆపరేషన్ నోట్స్ జిరాక్స్ తీసుకుని, డిశ్చార్జ్ కాగితంతో కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి.